నానో పూత వైరు వేస్తే మోటారు కాలదా?

ప్రశ్న: మాది మోటారు వైండింగ్ షాపు. వీఎఫ్‌డీ డ్రైవు మీద నడిచే మోటార్లకు నానో పూత వైరు వేయమంటున్నారు. ధర ఎక్కువ. అంత విలువ ఉందా?

జవాబు: డ్రైవు మోటారుకైతే ఉంది. నేరుగా లైను మీద నడిచేదానికి దండగ.

‘ఎక్కువ వోల్టేజి తట్టుకుంటుంది’ అనే అమ్మకపు మాట పక్కన పెట్టండి, ఆ లాభం పెద్దగా ఉండదు. అసలు లాభం డిశ్చార్జీలను తట్టుకోవడంలో ఉంది. 415 వోల్టుల డ్రైవు లోపల డీసీ 585 వోల్టుల దాకా ఉంటుంది. కేబుల్ పొడవైతే మోటారు టెర్మినళ్ల దగ్గర ప్రతి పల్సూ దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు చుట్ల మధ్య గాలి సందుల్లో చిన్న చిన్న డిశ్చార్జీలు పుట్టి, మామూలు ఎనామెల్‌ను చెదపురుగుల్లా తొలిచేస్తాయి. నానో పూతలో పైనున్న పాలిమర్ పోయినా సిలికా, అల్యూమినా రేణువులు మిగిలి, పొరగా పేరుకుని కిందిదాన్ని కాపాడతాయి.

20 నానోమీటర్ల సిలికా ఒక్క గ్రాముకు ఉపరితలం సుమారు 135 చదరపు మీటర్లు. అందుకే కొద్ది శాతం కలిపినా చాలు. చిక్కూ అక్కడే ఉంది: రేణువులు ఉండకట్టినా, చెమ్మ పట్టినా ఇన్సులేషన్ మామూలు ఎనామెల్ కన్నా అధ్వానమవుతుంది. దీన్ని తప్పించడానికే మంచి తయారీదారులు రేణువులకు ముందే సిలేన్ అనే రసాయనం పట్టిస్తారు.

ఈ పూత కాస్త పెళుసు. స్లాట్ అంచున లాగి వంచితే చిట్లుతుంది. కొనేముందు ముక్కను సన్నని కడ్డీకి చుట్టి, భూతద్దంతో పగుళ్లు చూడండి. వార్నిష్ మాత్రం మానొద్దు, గాలి సందులు పూడ్చేది అదే.