గరాజులో సానరాయి: ఇంటి పనిశాలకు బెంచి గ్రైండరు ఎంపిక

గ్రైండరు అనగానే తెలుగువారికి ముందుగా ఇడ్లీపిండి గుర్తుకు రావడం సహజం. ఈ వ్యాసం ఆ గ్రైండరును గురించి కాదు. గరాజులో బల్లకు బిగించి, రెండు కొసలా రెండు రాతిచక్రాలతో తిరిగే బెంచి గ్రైండరును గురించి. సంస్కృతంలోని శాణ శబ్దమే తెలుగులో సాన అయింది. గంధం తీసే రాయీ సానే, కత్తికి పదును పెట్టే రాయీ సానే. కనుక ఈ యంత్రాన్ని విద్యుత్తుతో తిరిగే సానరాయి అనుకోవడమే సబబు.

స్వదేశంలో సాధారణ గృహస్థుకు దీని అవసరం అంతగా కలగదు. కాలితో తొక్కే చక్రాన్ని వెంటబెట్టుకొని, కత్తులకూ కత్తెరలకూ సాన పడతామంటూ వీధిలోకి వచ్చే మనిషి ఉండేవాడు. కొన్ని ఊళ్లలో నేటికీ కనిపిస్తాడు. అమెరికా శివారు వీధులలో ఆ కేక వినబడదు. ఇక్కడ గడ్డి కోసే యంత్రపు బ్లేడు మొద్దుబారుతుంది, పార అంచు వంగుతుంది, ఉలి మేకుకు తగిలి పెచ్చు లేస్తుంది, ఊరినుంచి పెట్టెలో దాచి తెచ్చుకొన్న కత్తిపీట గోంగూర కాడను కోయడానికి బదులు నలుపుతుంది. అప్పుడు ఇంటివారు దుకాణానికి వెళ్లి, వరుసగా పేర్చిన గ్రైండర్లలో అన్నిటికన్న చవకైన దానినో, హార్స్ పవర్ అన్నిటికన్న ఎక్కువని రాసిన దానినో కొని తెస్తారు. రెండు పద్ధతులూ సరైనవి కావు. ఈ యంత్రంలో అసలు పని చేసేది మోటారు కాదు, రాయి. ఏ లోహానికి, ఏ వేగంతో, ఏ రాయి అన్నది తేల్చుకొన్న తరువాతనే యంత్రం మాట ఎత్తాలి.

ముందుగా వేగం. ఇళ్లలో వాడే బెంచి గ్రైండర్ల చక్రాలు సాధారణంగా 6 అంగుళాలు, లేదా 8 అంగుళాల వ్యాసంతో ఉంటాయి. వీటిలో ఉండేది ఎక్కువగా ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేవి రెండు: విద్యుత్ ప్రవాహపు పౌనఃపున్యం, మోటారులోని అయస్కాంత ధ్రువాల సంఖ్య. అమెరికాలో పౌనఃపున్యం సెకనుకు 60 ఆవృత్తులు. ఆ లెక్కన రెండు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది. రోటరు దానికన్న కొంత వెనుకబడుతుంది కనుక యంత్రంపై 3450 అని ముద్రిస్తారు. నాలుగు ధ్రువాల మోటారైతే అందులో సగం, అంటే 1725. దుకాణదారులు నెమ్మది గ్రైండరు అని చెప్పేది ఈ రెండవ దానినే.

ఈ అంకెలకు అర్థం చక్రపు అంచు దగ్గర తెలుస్తుంది. 6 అంగుళాల చక్రం 3450 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 62 మైళ్ల వేగంతో పోతుంది. అంటే ఫ్రీవే మీద కారు వేగం. 8 అంగుళాల చక్రం అదే లెక్కన తిరిగితే 82 మైళ్లు; 1725 చుట్లే తిరిగితే 41 మైళ్లు. ఈ తేడా అంతా వేడిగా మారి పనిముట్టు అంచులోకి చేరుతుంది. మందమైన బ్లేడుకు ఆ వేడిని లోపలికి పంచుకొనే చోటు ఉంటుంది. ఉలి మొన వంటి పలుచని అంచుకు ఉండదు.

వేడెక్కిన ఉక్కు తన సంగతిని రంగుతో చెబుతుంది. సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డిరంగు, 300 డిగ్రీల దగ్గర నీలిరంగు కనిపిస్తాయి. ఉపరితలంపై ఏర్పడే అతి పలుచని ఆక్సైడు పొరలో కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలియడం వలన పుట్టే రంగులివి. సబ్బుబుడగ మీది రంగుల వంటివే. చూడడానికి ముచ్చటగానే ఉంటాయి. అయితే సాధారణ కార్బన్ ఉక్కుతో చేసిన కత్తిపీట అంచు నీలిరంగుకు వచ్చిందంటే, కమ్మరి దానిని కాల్చి నీట ముంచి సాధించిన కాఠిన్యం ఆ మేరకు పోయిందని గ్రహించాలి. రంగును రుద్ది తుడిచివేయవచ్చు గాని పోయిన కాఠిన్యం తిరిగి రాదు. పదును పెట్టినట్టే ఉంటుంది, రెండు రోజులకు మళ్లీ మొద్దుబారుతుంది. నీలిరంగు పట్టిన మేర అంతా మెల్లగా అరగదీసి పారవేయడం, లేదా మళ్లీ కొలిమిలో పెట్టడం తప్ప వేరే దారి లేదు. వీధిలో సాన పట్టే మనిషి చక్రం కాలి బలంతో తిరిగేది కనుక అంత వేడి పుట్టేది కాదు.

డ్రిల్లు ములుకులు చేసే హైస్పీడ్ ఉక్కు వేరు. అది 500 డిగ్రీల వేడిని కూడా తట్టుకొంటుంది. గడ్డియంత్రపు బ్లేడు, పార, గునపం వంటి వాటికి కూడా వేగవంతమైన గ్రైండరు బాగానే ఉంటుంది. వడ్రంగి ఉలులు, చిత్రిక బ్లేడులు, కత్తిపీటలు ఉన్న ఇంటికి నెమ్మది గ్రైండరు కావాలి. ఇంట్లో ఒకే యంత్రానికి చోటుంటే 8 అంగుళాల, 1725 చుట్ల దానిని కొనడం మేలు. మోటు పనికి నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు, అంతే. వంటింటి స్టెయిన్‌లెస్ కత్తులను మాత్రం మాటిమాటికి దీని దగ్గరకు తేకూడదు. అంచు పెచ్చులు లేచినప్పుడే యంత్రం. రోజువారీ పదునుకు చేతితో రుద్దే రాయి చాలు.

ఇక రాయి. 1891లో పెన్సిల్వేనియాలో ఎడ్వర్డ్ ఆచిసన్ అనే ఆవిష్కర్త బంకమట్టిని, పొడి చేసిన కోకును కలిపి విద్యుత్తుతో తీవ్రంగా కాల్చాడు. ఆ పాత్రలో మెరిసే గట్టి స్ఫటికాలు ఏర్పడ్డాయి. అవి కార్బనూ కోరండమూ కలిసిన పదార్థమని భావించి కార్బొరండం అని పేరు పెట్టాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడు. కోరండం అన్న మాటకు మూలం దక్షిణభారతమే. తమిళంలోని కురుందం, సంస్కృతంలోని కురువిందం అన్న పదాలతో దానికి చుట్టరికం. కెంపు రాయి కూడా కోరండమే. రసాయనశాస్త్రం భాషలో అది అల్యూమినియం ఆక్సైడు. నేడు ఉక్కును సానపట్టే చక్రాలలో వాడేది బాక్సైటు నుంచి తయారుచేసిన ఈ పదార్థాన్నే.

సిలికాన్ కార్బైడు దీనికన్న గట్టిది. గట్టిది కనుక ఉక్కుకు అదే మెరుగు అనుకోవడం పొరపాటు. రాపిడి వేడిలో దానిలోని కార్బన్ ఇనుముతో కలిసిపోతూ ఉండడం వలన ఉక్కు మీద దాని మొనలు త్వరగా మొండివారతాయి. టంగ్‌స్టన్ కార్బైడు ములుకులున్న పనిముట్లకు మాత్రమే ఆ ఆకుపచ్చ చక్రం కొనాలి. కొత్త యంత్రంతో వచ్చే బూడిదరంగు చక్రాలు మోటు పనికి ఉద్దేశించినవి. వాటిలో ఒకదానిని తీసి, 60 లేదా 80 నంబరు తెల్ల అల్యూమినియం ఆక్సైడు చక్రాన్ని వేసుకొంటే సామాన్యమైన యంత్రం కూడా మంచి పనిమంతురాలవుతుంది.

చక్రం పక్కన అతికించిన కాగితంపై "ఎ 60 కె 5 వి" వంటి గుర్తు ఉంటుంది. ఎ అంటే అల్యూమినియం ఆక్సైడు. 60 రేణువుల పరిమాణం. అంకె పెరిగినకొద్దీ రేణువు సన్నబడుతుంది. 5 రేణువుల మధ్య ఎడాన్ని, వి బంధకం రకాన్ని చెబుతాయి. అన్నిటికన్న తికమక పెట్టేది కె. అది రేణువుల కాఠిన్యం కాదు, వాటిని పట్టి ఉంచే బంధకపు పట్టు. అక్షరమాలలో ముందున్న అక్షరం వదులు పట్టునూ, వెనుకనున్నది బిగి పట్టునూ సూచిస్తుంది. గట్టి ఉక్కుకు మెత్తని చక్రం, మెత్తని లోహానికి గట్టి చక్రం వాడాలన్నది ఇక్కడి నియమం. ఇది తలకిందులుగా తోచవచ్చు గాని కారణం సులభమే. గట్టి ఉక్కు మీద రేణువు మొన త్వరగా అరుగుతుంది. అరిగిన రేణువును బంధకం వదిలేస్తేనే దాని వెనుకనున్న కొత్త రేణువు ముందుకు వస్తుంది. వదలకపోతే మొండి రేణువులు కోయడం మాని రుద్దడం మొదలుపెడతాయి, వేడి పుడుతుంది, పైన చెప్పిన నీలిరంగు వస్తుంది. సానరాయి అరుగుతున్నదని విచారించే యజమాని ఈ విషయం గమనించాలి: అరగని రాయి కోయదు.

గుర్తులోని వి అన్న అక్షరం కాల్చిన మట్టిబంధకానికి చిహ్నం. రేణువులను బంకమట్టి వంటి ఖనిజాలతో కలిపి, అచ్చువేసి, వెయ్యి డిగ్రీల ప్రాంతపు వేడిలో బట్టీలో కాలుస్తారు. మట్టి గాజులా మారి రేణువులను పట్టుకొంటుంది. ఒకవిధంగా ఇది కుమ్మరివాని ఆవంలోనుంచి వచ్చిన వస్తువుకు దగ్గరి బంధువు. కుండకున్న బలమూ దీనికున్నది, కుండకున్న బలహీనతా దీనికున్నది: ఒత్తిడికి నిలుస్తుంది, దెబ్బకు నిలవదు.

కుండను కొనే పద్ధతి తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. వేలి కణుపుతో తట్టి చూస్తారు; ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగులున్నది. సానచక్రాన్ని పరీక్షించే పద్ధతి కూడా అదే. పొడిగా ఉన్న చక్రాన్ని మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్కపిడితో అంచుకు ఒకటి రెండు అంగుళాల లోపల, నిట్టనిలువు గీతకు 45 డిగ్రీల పక్కన, రెండు వైపులా మెల్లగా తట్టాలి. కొంత తిప్పి మళ్లీ తట్టాలి. స్పష్టమైన మోత వినిపించాలి. బొంగురుగా పలికిన చక్రాన్ని యంత్రానికి ఎక్కించరాదు. కంటికి కనబడని సన్నని పగులును ఈ మోత పట్టిస్తుంది.

ఈ పరీక్షను ఎందుకు తేలికగా తీసుకోరాదో ఒక లెక్క చెబుతుంది. 3450 చుట్లు తిరిగే 6 అంగుళాల చక్రపు అంచున త్వరణం భూమ్యాకర్షణకు సుమారు వెయ్యి రెట్లు. గ్రాము బరువున్న ముక్క కిలో బరువుతో బయటకు లాగబడుతూ ఉంటుందన్నమాట. పగులున్న చక్రం సాధారణంగా ఆ వేగం అందుకొనే క్షణాలలోనే విచ్చిపోతుంది. అందువలన మీట వేసిన తరువాత ఒక నిమిషం చక్రానికి ఎదురుగా కాక పక్కగా నిలబడాలి. చక్రంపై రాసిన గరిష్ఠ చుట్ల సంఖ్య యంత్రపు వేగానికి తగ్గకుండా ఉండాలన్నది మరొక నియమం.

దుకాణంలో యంత్రాన్ని చూసేటప్పుడు మొదట దానిని ఎత్తి చూడాలి. బరువు ఇక్కడ సుగుణం; పోత ఇనుప దిమ్మ కంపనాన్ని మింగుతుంది. పనిముట్టును ఆనించే పీటలు రేకువైతే వేలితో నొక్కితే వంగుతాయి, అవి పనికిరావు. హార్స్ పవర్ అంకెను ఆంపియర్లతో సరిచూడాలి. అర హార్స్ పవర్ అంటే 373 వాట్లు. నష్టాలేవీ లేవనుకొన్నా 120 వోల్టుల వద్ద దానికి 3.1 ఆంపియర్లు కావాలి. ఫలకంపై 2 ఆంపియర్లని ఉండి, పెట్టెపై అర హార్స్ పవర్ అని ఉంటే పెట్టెను నమ్మనక్కరలేదు. మీట ఆపిన తరువాత చక్రం చాలాసేపు నిశ్శబ్దంగా తిరిగి ఆగితే బేరింగులు మంచివి. కొత్త యంత్రం వణికితే మోటారును నిందించే ముందు చక్రాన్ని అనుమానించాలి. డ్రెస్సరు అనే పనిముట్టుతో రాయి అంచును గుండ్రంగా సరిచేస్తే చాలావరకు వణుకు పోతుంది. చక్రాన్ని మార్చేటప్పుడు ఎడమ వైపు నట్టు మర తలకిందులుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. తిరుగుడుకు అది వదులు కాకుండా చేసిన ఏర్పాటది. రాయికీ లోహపు బిళ్లకూ మధ్య ఉండే కాగితపు బిళ్లను చెత్త అనుకొని చింపకూడదు. ఒత్తిడిని సమంగా పంచేది అదే.

ఆనుడు పీటకూ చక్రానికీ మధ్య ఖాళీ అంగుళంలో ఎనిమిదో వంతుకు, పైన నాలుక వంటి రేకుకూ చక్రానికీ మధ్య ఖాళీ పావు అంగుళానికి మించరాదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన. ఇది కర్మాగారాలకు పెట్టినదే అయినా వేళ్లు ఇంట్లోనూ అవే. ఖాళీ ఎక్కువైతే పనిముట్టు సందులోకి జారి ఇరుక్కొంటుంది, చక్రం పగులుతుంది. రాయి అరిగినకొద్దీ ఖాళీ పెరుగుతుంది కనుక పీటను తరచు ముందుకు జరపాలి. పీటలు జరపడానికి వీలులేని యంత్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనరాదు. కళ్లద్దాలు తప్పనిసరి, చేతితొడుగులు నిషిద్ధం. తొడుగును చక్రం లాక్కొంటే చేయి కూడా వెంట పోతుంది. అల్యూమినియాన్ని దీనిపై అరగదీయరాదు. అది రాతి రంధ్రాలలో నిండి వేడెక్కి చక్రాన్ని పగలగొట్టగలదు. నిప్పురవ్వలు ఎగిరే దిక్కున గడ్డియంత్రానికి పోసే పెట్రోలు డబ్బా లేకుండా చూసుకోవాలి. గరాజులలో ఆ రెండూ పక్కపక్కనే ఉండడం తరచు కనిపించే విషయం.

ఆ నిప్పురవ్వలను దూరంనుంచి పిల్లలకు చూపించవచ్చు, వారికీ కళ్లద్దాలు పెట్టి. మెత్తని ఇనుము పొడవైన తిన్నని గీతలుగా రాలుతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు కొసలో మతాబులా చిట్లుతుంది. హైస్పీడ్ ఉక్కు మసకబారిన ఎర్రని రవ్వలిస్తుంది. పూర్వం లోహశాలలలో ఉక్కు రకాన్ని ఇలాగే గుర్తించేవారు.

స్వదేశానికి తిరిగి వెళ్లేవారు ఈ యంత్రాన్ని కూడా సామానులో కట్టుకొందామని చూస్తారు. ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 120కి దించగలదు గాని 50 ఆవృత్తులను 60కి పెంచలేదు. అప్పుడు చక్రం ఆరో వంతు నెమ్మదిస్తుంది. అది పెద్ద నష్టం కాదు. మోటారు ఇనుప గర్భంలో మాత్రం అయస్కాంత తీవ్రత ఐదో వంతు పెరిగి, కరెంటు ఎక్కువగా లాగి, తీగచుట్టలు కాలిపోవచ్చు. ఇంగ్లండు, మలేషియా, దక్షిణాఫ్రికా, ఎమిరేట్లలో ఉన్నది భారతదేశం వలె 50 ఆవృత్తులే కనుక అక్కడివారికి ఈ చిక్కు లేదు. సౌదీ అరేబియాలో 60. అక్కడికి 50 ఆవృత్తుల గ్రైండరును తీసుకువెళితే చక్రం ఐదో వంతు అధిక వేగంతో తిరుగుతుంది కనుక రాతిపై రాసిన గరిష్ఠ సంఖ్యను మళ్లీ చూసుకోవాలి. అమెరికానుంచి వెళ్లేవారు యంత్రాన్ని ఇక్కడే మిత్రులకు ఇచ్చి, అక్కడి విద్యుత్తుకు తగిన దానిని అక్కడే కొనుక్కోవడం చవక.