ఏడాది తిండికి లెక్క ఎలా?

నిన్న రాత్రి మెస్‌లో ఏం కూర పెట్టారంటే ఠక్కున చెబుతాం. అదే, "గత ఏడాదిలో చేపలు నెలకు ఎన్నిసార్లు తిన్నావు?" అంటే తల గోక్కుంటాం. కాని మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులకూ తిండికీ ఉన్న సంబంధం తేల్చాలంటే ఒక్కరోజు తిండి చాలదు, ఏళ్ల అలవాటు తెలియాలి. అందుకే పదార్థాల పట్టిక, ఎన్నిసార్లు, ఎంత కొలత అనే గళ్లతో ప్రశ్నావళి తయారుచేస్తారు.

అయితే ముందు ఆ ప్రశ్నావళికే పరీక్ష పెట్టాలి. అమెరికాలో వాల్టర్ విల్లెట్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనంలో 173 మంది నర్సులు వారం చొప్పున నాలుగుసార్లు తాము తిన్నదంతా రాసిపెట్టారు. 61 పదార్థాల ప్రశ్నావళికి వారిచ్చిన జవాబులను ఆ లెక్కతో పోల్చారు. మన దేశంలో హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల ఫ్యాక్టరీ కార్మికులతో జరిగిన ఇండియన్ మైగ్రేషన్ స్టడీకి 184 పదార్థాల ప్రశ్నావళి వాడారు. దాన్ని, గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి రాసుకున్న వివరాలతో సరిచూశారు.

ఇక్కడొక మెలిక ఉంది. నేను రెండు గుడ్లు తిని ఒకటని, మీరు నాలుగు తిని రెండని చెప్పామనుకోండి. ఎవరు ఎక్కువ తిన్నారో సరిగ్గానే తేలుతుంది. ఎంత తిన్నారన్నది మాత్రం సగమే. సహసంబంధ గుణకం ఒక్కటే చూస్తే ప్రశ్నావళి ఫస్ట్ క్లాసులో పాసైనట్టే! పైగా పోల్చే రెండు లెక్కలూ మనిషి చెప్పినవే. అందుకే ఉప్పుకు, మాంసకృత్తులకు 24 గంటల మూత్రంలోని సోడియం, నత్రజని కొలిచి చూస్తారు.

సంక్రాంతి సెలవుల్లో ఒక నమూనా పట్టుకెళ్లి అమ్మకు చదివి వినిపించాను. మా ఇంట్లో కాగితం చదివేది నేనొక్కడినే. "రాగిజావ?" అంటే "తాగం" అంది. పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతోంది! చేపల కూర వారానికి రెండుసార్లంది. ఆ వారం నిజంగానే రెండుసార్లు వండింది. నాన్నకు, తమ్ముడికి, నాకు వడ్డించాక ఆమె కంచంలోకి వచ్చింది పులుసు మాత్రమే. అడిగితే, "వండితే తిన్నట్టే కదేటి నాన్నా" అంది. నా కాగితం ప్రకారం అమ్మకు మాంసకృత్తుల లోటే లేదు.

అందుకే "చేపలు ఎన్నిసార్లు?" కొట్టేసి, "వండిన రోజు మీ కంచంలోకి ఎన్ని ముక్కలు వస్తాయి?" అని రాశాను. పనసకాయలు, తాటిముంజెల కాలంలో మళ్లీ అడగాలి. సీతంపేట, కురుపాం వైపు తమ్ముళ్లు తమ ఊళ్లో చోళ్లను, సామలను, గంటెలను ఏ పేరుతో పిలుస్తారో రాసిస్తే పట్టికలో చేరుస్తాను.