వెల లేని అక్షరములు, వెల గల అక్షరములు

కంప్యూటరు వాడుక నేటి విద్యార్థులకు కలము పట్టుట వంటి సామాన్య విషయమైనది. అయితే అందు పనిచేయు ప్రోగ్రాములను ఎవరు వ్రాసినారు, కొన్నింటికి వెల ఎందులకు, కొన్ని ఉచితముగా ఏల దొరకుచున్నవి అను ప్రశ్నను మనలో చాలమంది వేసికొనరు. పెద్ద కంపెనీల సంగతి ఇక్కడ వదలివేయుదము. ఒక్కరుగా గాని, కొద్దిమంది కలిసి గాని స్వంతముగా తయారుచేసిన సాఫ్ట్‌వేరును గూర్చియే ఈ వ్యాసమున ముచ్చటింపదలచినాము. తెలుగును ఉర్దూను ఒకే సంచికలో అచ్చువేయు మన వంటి కళాశాలకు ఇది దూరపు విషయము కాదు. ఈ రెండు భాషల అక్షరములకు కంప్యూటరుపై చోటు కల్పించిన వారిలో ఇట్టి చిన్నవారు ఎందరో ఉన్నారు.

మొదట ధర సంగతి. విశాఖ వాసులకు దీనిని ఉక్కు కర్మాగారము సాయమున చెప్పుట సులభము. ఒక టన్ను ఉక్కు తీయవలెనన్న ఇనుప ఖనిజము బైలదిల్లా కొండల నుండి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమున దిగి రావలెను. కోకింగు బొగ్గు అధికభాగము సముద్రము దాటి రావలెను. రెండవ టన్నుకు మరల అంత ఖనిజము, అంత బొగ్గు, అంత చెమట. సాఫ్ట్‌వేరు అట్టిది కాదు. మొదటి ప్రతికి మూడేండ్ల శ్రమ పట్టినను రెండవ ప్రతికి ఒక నిమిషము చాలును. “కాపీకి ఖర్చు లేనప్పుడు వెల యెందుకు?” అను వాదము ఇక్కడనే పుట్టినది. వినుటకు ఇంపుగనే ఉన్నది గాని, ఈ వాదము మొదటి ప్రతిని మరచినది.

ఆ మొదటి ప్రతి యందలి శ్రమ ఎంతటిదో తెలిసికొనుటకు ఉర్దూ వారి నస్తాలీఖ్ లిపిని చూడవలెను. ఇందు అక్షరములు ఏటవాలుగా కుడి నుండి ఎడమకు జారుచు, పక్కనున్న అక్షరమును బట్టి రూపము మార్చుకొనును. అందువలన సీసపు అచ్చులకు ఈ లిపి లొంగలేదు. ఉర్దూ దినపత్రికలను కాతిబులు రాత్రింబవళ్ళు చేతితో వ్రాయుచుండిరి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అను లేఖకుడు ఒక్కొక్క అక్షర సముదాయమును చేతితో గీసి, అట్టివి సుమారు ఇరువది వేలు సిద్ధపరచగా, బ్రిటిషు సంస్థ మోనోటైపు వానిని యంత్రమునకు ఎక్కించెను. అదియే నూరీ నస్తాలీఖ్. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇన్‌పేజ్ అను ప్రోగ్రాము ద్వారా ఆ లిపిని సామాన్యపు కంప్యూటరుకు తెచ్చెను. ఇన్‌పేజ్ వెల గలది. అయినను ఉపఖండమంతట అది వ్యాపించిన తీరును గమనించిన, వెల చెల్లించినవారి కంటె చెల్లింపక వాడినవారే ఎక్కువ అని తలచుట తప్పు కాదు. ఇరువది వేల రూపములు గీసిన చేతిని ఆ వాడుకరులలో ఎందరు తలచుకొనిరో!

తెలుగు కథ కొంత భిన్నము. అచ్చు పని చేయు డి.టి.పి. కేంద్రములలో అను, శ్రీలిపి వంటి వెల గల ప్యాకేజీలు చిరకాలము రాజ్యమేలినవి. మరొక వైపు, ఏ ప్రతిఫలమును కోరక అక్షరములను పంచిపెట్టిన వారును ఉన్నారు. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అను పేర్లతో రెండు ఫాంట్లను రూపొందించి ఉచితముగా విడుదల చేసినారు. వీవెన్ అను పేరున ప్రసిద్ధుడైన యువకుడు లేఖిని అను పనిముట్టును అందరికి తెరచి ఉంచగా, ఇంగ్లీషు మీటలపై వేళ్ళు ఆడించి తెలుగు వ్రాయుట వేలమందికి అలవడినది. తరువాత సిలికానాంధ్ర సంస్థ ద్వారా మండలి, రామభద్ర మొదలగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడినవి.

ఈ రెండు దారులకు నడుమ నడచినది బరహ. ఆ కన్నడ పదమునకు వ్రాత అని అర్థము. శేషాద్రివాసు అను కన్నడిగుడు స్వంత శ్రమతో దీనిని తయారుచేసి 1998లో విడుదల చేసినాడు. కన్నడముతో పాటు తెలుగు మొదలగు భాషలకును పనికివచ్చు ఈ ప్రోగ్రాము అనేక సంవత్సరములు ఉచితముగనే లభించినది. ఆ పిమ్మట వెల పెట్టబడినది. ఇట్టి మార్పు వచ్చినప్పుడెల్ల వాడుకరులు నొచ్చుకొందురు. మా అభిప్రాయములో ఆ నొప్పి సహజమే గాని న్యాయము కాదు. కొత్త విండోసు వచ్చినప్పుడెల్ల పాత ప్రోగ్రామును సవరింపవలెను. ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. ఇంటి ఖర్చు వేరుగా ఉండనే ఉన్నది. ఇన్నేండ్లు ఉచితముగా ఇచ్చినవాడు ఇక మీదట ఇయ్యలేననుట ద్రోహము కానేరదు.

ఉచితముగా రుచి చూపి పిదప వెల అడుగు పద్ధతి 1982 ప్రాంతమున అమెరికాలో మొదలైనది. ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ అను ఇరువురు వేరువేరుగా తమ ప్రోగ్రాములను పంచి, నచ్చినవారు సొమ్ము పంపుడని కోరినారు. దీనికే షేర్‌వేర్ అని పేరు వచ్చినది. నేటికిని వాడుకలో నున్న విన్‌రార్ నలువది దినముల గడువు పెట్టును; గడువు దాటినను పని మానక, కొనుమని గుర్తుచేయుచు ఊరకుండును. మర్యాదస్థుడైన అప్పులవాని వంటిది!

ఇక ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమమును ప్రకటించినప్పటి నుండి ఇంగ్లీషు వారికి ఒక చిక్కు వచ్చిపడినది. వారి భాషలో ఈ రెండింటికి ఒకటే మాట. మన రెండు భాషలకు ఆ చిక్కు లేదు. తెలుగులో ఉచితము, స్వేచ్ఛ. ఉర్దూలో ముఫ్త్, ఆజాద్. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు ఉద్యమ సంస్థ స్వేచ్ఛ అనియే పేరు పెట్టుకొన్నది. ముఫ్త్‌గా వచ్చిన ప్రోగ్రామును తయారుచేసినవాడు రేపు మూసివేసిన మనము చేయగలది లేదు. ఆజాద్ ప్రోగ్రాము మూలమును మరొకడు అందుకొని కొనసాగింపవచ్చును. అట్లని అది ఎవరి పోషణయు లేక బ్రతుకునని కాదు. ఇంటర్నెట్టు రహస్యములను కాపాడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను స్వేచ్ఛా ప్రోగ్రామును లోకములోని గొప్ప సంస్థలన్నియు వాడుకొనుచుండగా, దానిని చూచుకొనువారు అతి కొద్దిమంది. 2014లో అందు హార్ట్‌బ్లీడ్ అను ఘోరమైన లోపము బయటపడిన తరువాతనే ఆ సంస్థలు సొమ్ము తీసినవి.

వెల కంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది: మనము వ్రాసినది మన చేతిలో ఉండునా? పాత డి.టి.పి. ఫాంట్లలో తెలుగు అక్షర ఖండములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చినారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలును తెరచిన, చక్కని వ్యాసము అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల గుంపుగా కనబడును. వెదకిన ఒక్క తెలుగు మాట దొరకదు. ఇన్‌పేజ్ పాత ఫైళ్ళదియు ఇంచుమించు ఇదే గతి. తయారుచేసినవారిని ఇందుకు నిందింపరాదు. 1991 నాటి యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగుకు చోటున్నను, విండోసులో అది అక్కరకు వచ్చునప్పటికి 2001లో ఎక్స్.పి. రావలసి వచ్చినది. అంతవరకు పత్రికలు ఆగజాలవు గదా! అయితే నేడు ఆ కారణము లేదు.

కళాశాల సంఘము వారికి ఒక మాట. కాపీరైటు చట్టమునకు 1994లో చేర్చిన 63బి సెక్షను ప్రకారము, దొంగప్రతి అని తెలిసియు కంప్యూటరులో వాడినవారికి ఏడు దినముల నుండి మూడేండ్ల వరకు ఖైదు, ఏబది వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. ప్రయోగశాలకు బీకర్లు కొనునట్లే సాఫ్ట్‌వేరుకును బడ్జెటులో ఒక పద్దు ఉండుట మంచిది. వెల గలది అవసరమైన కొనవలెను. స్వేచ్ఛా ఫాంట్లు చాలునన్నచోట, మిగిలిన సొమ్ములో కొంత వానిని తయారుచేసిన వారికి విరాళముగా పంపవలెను. సంచిక అచ్చయిన పిదప తెలుగు, ఉర్దూ వ్యాసములను రెండింటిని యూనికోడులోనికి మార్చి గ్రంథాలయమున భద్రపరచవలెను. పాత సంచికల ఫైళ్ళను మార్చుటకు కన్వర్టరులు దొరకును గాని, అవి ఒత్తులను తారుమారు చేయుట కలదు. ఉర్దూ పుటలను ఉర్దూ విద్యార్థులు, తెలుగు పుటలను తెలుగు విద్యార్థులు అచ్చుప్రతితో సరిచూచిన గాని ఆ పని పూర్తి కాదు. ఆ పనికి వేసవి సెలవులు అనుకూలము.