ఊళ్లోనే ఓవెన్.. చేతిలోనే కొలువు

బెంగళూరులో సాయంత్రం పూట ఏ పేటలో తిరిగినా 'బంగారపేట పానీపూరీ' బోర్డు కంటపడుతూనే ఉంటుంది. రంగులేని తేట నీళ్లతో ఇచ్చే ఆ పానీపూరీ పుట్టిల్లు కోలారు జిల్లా. ముళబాగిలు దోసెదీ అదే జిల్లా. అక్కడి కుర్రకారు కొలువుల కోసం బెంగళూరు రైలెక్కుతుంటే, అక్కడి తిండి మాత్రం ఊరి పేరు చెప్పుకొని అదే నగరంలో అమ్ముడవుతోంది. బేకరీ, చిరుతిళ్ల వ్యాపారంలో స్థిరపడాలనుకునేవారు గమనించాల్సిన సంగతి ఇది.

కోలారు బంగారు గనులకు ఈ రంగంతో పాత చుట్టరికమే ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ రాకతో గనులు ఊపందుకున్నాయి, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. ప్లమ్ కేక్, కల్‌కల్స్, రోజ్ కుకీలు లేకుండా వారికి క్రిస్మస్ గడవదు. రోజ్ కుకీలంటే మరేవో కావు, మన ఇళ్లలో వండే గులాబీ పువ్వులే. ఆ గనుల పట్టణం కేజీఎఫ్‌లో పెరిగిన బ్రిడ్జెట్ వైట్-కుమార్ ఈ వంటలనే పుస్తకాలుగా రాసి, ఆహార సలహాదారుగా పేరు తెచ్చుకున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి వేలమంది తెల్లవారకముందే బెంగళూరు రైలు పట్టుకుంటున్నారు. వేడి బన్నుకు తొలి గిరాకీ వీళ్లే.

ఏం అమ్మాలి?

నగరాల్లో మోజున్న పుల్లపిండి (సోర్‌డో) బ్రెడ్డును తెచ్చి పల్లెలో పెడితే మొదటి వారం వింతగా కొంటారు, రెండో వారం రారు. ఊరి రుచికి తగ్గట్టు మార్చుకుంటేనే గిరాకీ నిలుస్తుంది, అయ్యంగార్ బేకరీలే అందుకు ఉదాహరణ. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో బెంగళూరు చిక్‌పేటలో బి.బి. బేకరీ పెట్టారు. ఆ బేకరీలకు అదే మొదలు. దొరల రొట్టె విద్యను గుడ్డు లేని కేకుగా, కారం బన్నుగా మార్చి స్థానికుల నాలుకకు దగ్గర చేయడం వల్లే అవి నిలిచాయి.

కోలారులో రాగులు, శ్రీనివాసపురం మామిడి, టమాటా చేతికందే దూరంలో ఉన్నాయి. 2023 జులైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమాటా పెట్టె రెండు వేల రూపాయలు దాటింది. ధర పడిపోయిన రోజుల్లో అదే పంటను రైతులు రోడ్డుమీద పారబోస్తారు. చవకగా ఉన్నప్పుడు కొని సాస్‌గానో తొక్కుగానో నిల్వ చేసుకుంటే కారం బన్నుకు ఏడాదంతా పనికొస్తుంది. మామిడి జామ్ కేకుల్లోకి వాడుకోవచ్చు. రాగుల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో గ్లూటెన్ లేదు కాబట్టి ఒట్టి రాగిపిండితో బ్రెడ్డు పొంగదు. మైదా లేదా గోధుమపిండితో కలపాలి. బిస్కెట్టుకు ఆ ఇబ్బంది తక్కువ.

లెక్క ముఖ్యం

బేకరీలో కొలతలన్నీ పిండిని వందగా పెట్టుకుని వేస్తారు. 10 కిలోల మైదాకు ఐదున్నర లీటర్ల నీళ్లు, కిలో చక్కెర, అరకిలో వెన్న, 200 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల డ్రై ఈస్ట్ అనుకుంటే ముద్ద 17 కిలోల పైచిలుకు వస్తుంది. 60 గ్రాముల ఉండలు చేస్తే తరుగు పోను 280 బన్నులు. సరుకుల ఖర్చుకు కరెంటు, కూలి, కవర్లు కలిపి, అమ్ముడుకాక మిగిలేవాటిని కూడా వేసుకున్నాకే ధర తేల్చాలి. మిగిలిన బ్రెడ్డును ముక్కలు కోసి మళ్లీ కాల్చి రస్కులుగా అమ్మడం ఈ వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్నదే.

ఎక్కడ నేర్చుకోవాలి?

బెంగళూరు హెబ్బాళలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి బేకరీ శిక్షణ కేంద్రం సర్టిఫికెట్ కోర్సుతో పాటు స్వల్పకాలిక శిక్షణలూ ఇస్తుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో కాస్త లోతైన సాంకేతిక శిక్షణ దొరుకుతుంది. గ్రామీణ యువతకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో (ఆర్‌సెటీ) భోజన వసతులతో ఉచితంగా శిక్షణ ఉంటుంది. కర్ణాటకలోనే ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెట్ సంస్థ వీటికి మాతృక.

పెట్టుబడి, అనుమతులు

2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద చిన్న ఆహార యూనిట్లకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. కనీసం 10 శాతం సొంత డబ్బు పెట్టాలి. 'ఒక జిల్లా-ఒక ఉత్పత్తి' కింద కోలారుకు ఎంపికైంది టమాటాయే. దరఖాస్తులు ప్రస్తుతం తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో ముందే కనుక్కోవాలి. ఎంత చిన్న బేకరీకైనా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద రిజిస్ట్రేషన్ తప్పదు, వ్యాపారం పెరిగితే లైసెన్సు తీసుకోవాలి. బ్రెడ్డుపై జీఎస్టీ లేదు. కేకులు, బిస్కెట్లపై 18 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు.

శిక్షణ అయిన వెంటనే అప్పు చేసి పెద్ద ఓవెన్ కొనడం తొందరపాటే. కొన్ని నెలలు నడుస్తున్న బేకరీలో సహాయకుడిగా చేస్తే పిండి పొంగే వేళలు, కొట్ల నుంచి తిరిగొచ్చే సరుకు లెక్క, పండగ ఆర్డర్ల ఒత్తిడి తెలిసొస్తాయి. సొంత దుకాణం కుదరకపోతే హోటళ్ల పేస్ట్రీ విభాగాల్లో, బిస్కెట్ కంపెనీల ఉత్పత్తి, నాణ్యతా పరీక్ష విభాగాల్లో ఈ అనుభవానికి ఉద్యోగాలున్నాయి. క్రిస్మస్ గిరాకీ కోసం ప్లమ్ కేకు పండ్లను అక్టోబరులోనే నానబెడతారు కాబట్టి, ఆ నెలలో పనికి చేరినవారికి ఏడాదిలోకెల్లా రద్దీ సీజన్ మొదలూ చివరా చూసే వీలు కలుగుతుంది.