టేకు ముక్కను కొన్నాళ్లు పక్కన పెట్టండి

ప్రశ్న: కొత్తగా స్క్రోల్ సా కొన్నాను. ఇంట్లో ఉన్న టేకు ముక్కల మీద పూల డిజైన్లు కోస్తుంటే గీత తప్పుతోంది, బ్లేళ్లు తెగుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పెనుబల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ వైపు టేకుకు కొదవ లేదు గానీ, నేర్చుకోవడానికి అది పనికిరాదు. అందులోని సిలికా సన్నటి బ్లేడు పదును త్వరగా తినేస్తుంది. పదును పోయిన బ్లేడు మీదికి చెక్కను మనకు తెలియకుండానే గట్టిగా తోస్తాం, అప్పుడు తెగుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మొదలుపెట్టండి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలవాళ్లు మెత్తటి పొనికి కర్రను ఊరికే ఎంచుకోలేదు.

గీత తప్పడం పూర్తిగా మీ లోపం కాకపోవచ్చు. చాలా బ్లేళ్లకు తయారీలోనే ఒక అంచు కాస్త గరుకుగా ఉండిపోతుంది, అందుకే కోత ఆ పక్కకు లాగుతుంది. చెక్కను కొద్దిగా ఏటవాలుగా తిప్పి తోస్తే సరి. అలవాటయ్యాక ఆ సంగతే మరిచిపోతారు. బ్లేడు వదులుగా ఉన్నా ఇదే తంటా. మిషన్ ఆపి వేలితో మీటితే ఖంగుమనాలి. పళ్లు కిందికి చూడాలి, లేకపోతే చెక్క ఎగిరెగిరి పడుతుంది.

పువ్వు లోపలి భాగాలకు ముందు డ్రిల్‌తో బెజ్జం వేసి, బ్లేడును పైన విప్పి, అందులోంచి దూర్చి మళ్లీ బిగించాలి. పిన్ను లేని బ్లేళ్లయితే చిన్న బెజ్జం చాలు. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయండి. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. టేకు పొట్టు కొందరికి అసలు పడదు.