బ్రెజిల్‌ వ్యాపారంలో ఉద్యోగాలు ఎవరికి?

విదేశీ వ్యవహారాల్లో ఉద్యోగమంటే మన విద్యార్థులకు ముందు తట్టేది సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్ తెచ్చుకోవడం. మంచి లక్ష్యమే. కాకపోతే ఏటా ఆ సర్వీసుకు ఎంపికయ్యేది కొన్ని పదుల మంది. రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక దాన్ని నడిపించేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. వాళ్లలో చాలామంది సివిల్స్ ముఖమే చూసి ఉండరు.

బ్రెజిల్‌ సంగతే చూడండి. 2025 జులైలో బ్రెజీలియాలో మన ప్రధాని మోదీ, అధ్యక్షుడు లూలా కలిసినప్పుడు ఐదేళ్లలో ఇరుదేశాల వ్యాపారాన్ని 2,000 కోట్ల డాలర్లకు చేర్చాలనుకున్నారు. అటు నుంచి మనకు ముడి చమురు, సోయా నూనె, పంచదార వస్తాయి. ఇటు నుంచి డీజిల్, పురుగుమందులు, ఔషధాలు, వాహన విడిభాగాలు వెళ్తాయి. తెలుగు నేలకు ఇందులో వాటా ఉంది. ఔషధ ఎగుమతుల ప్రోత్సాహక మండలి ఫార్మెక్సిల్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్కన దిగుమతి నూనెను శుద్ధి చేసే కర్మాగారాలున్నాయి. (అన్నట్టు, బ్రెజిల్ మాంసం పరిశ్రమకు ఆధారమైన ‘నెలోర్’ పశువులు మన ఒంగోలు జాతివే. ఈ బంధం ఇప్పటిది కాదు.)

ఫార్మసీ చదివినవాళ్లకు నా మొదటి సలహా రెగ్యులేటరీ అఫైర్స్. బ్రెజిల్‌లో మందు అమ్మాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అన్విసా ఆమోదం కావాలి. మందు తయారయ్యే ప్లాంటుకు ఆ సంస్థ ఇచ్చే జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) ధ్రువపత్రం ఉండాలి. ముడి పదార్థం ఎక్కడిది, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది, మూల ఔషధంలాగే ఒంట్లో పనిచేస్తుందా అన్నవన్నీ దరఖాస్తుతో ఇచ్చే డాసియర్‌లో చూపాలి. లేబుల్, రోగికిచ్చే కరపత్రం పోర్చుగీసులో ఉండాలి. రిజిస్ట్రేషన్ అక్కడి కంపెనీ పేరు మీదే ఉంటుంది కాబట్టి ఆ భాగస్వామితో నిత్యం సంప్రదింపులు తప్పవు. అన్విసా అడిగిన ప్రశ్నకు గడువులోగా సరైన జవాబివ్వడం ఈ ఉద్యోగంలో అసలు పరీక్ష. అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలు చదివినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అన్విసా మీద పట్టున్నవాళ్లకు పోటీ తక్కువ.

బీకాం, బీబీఏ వాళ్లకు ఎగుమతుల డాక్యుమెంటేషన్ ఉంది. చిన్న పనిగా కనిపిస్తుంది, కానీ కాదు. బ్రెజిల్‌కు వెళ్లే సరుకు బిల్ ఆఫ్ లేడింగ్ మీద కొనుగోలుదారు పన్ను నమోదు సంఖ్య సీఎన్‌పీజే, దక్షిణ అమెరికా వాణిజ్య కూటమి మెర్కోసూర్ దేశాలు వాడే ఎన్‌సీఎం సరుకు కోడ్ ఉండాలి. ఆ కోడ్‌లో మొదటి ఆరంకెలు సరుకుల అంతర్జాతీయ వర్గీకరణకు మనమూ వాడే హెచ్ఎస్ కోడ్‌వే, చివరి రెండూ వేరు. అక్కడ పొరపాటు జరిగితే కంటైనర్ రేవులోనే ఆగిపోతుంది, అద్దె మాత్రం పెరుగుతూ పోతుంది. భారత్-మెర్కోసూర్ ప్రాధాన్య వాణిజ్య ఒప్పందం 2009 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ఇరువైపులా దాదాపు 450 రకాల సరుకులకు సుంకం తగ్గింది. అయితే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జతచేయకపోతే ఆ రాయితీ దక్కదు. దౌత్యవేత్తలు ఏళ్ల తరబడి బేరమాడి తెచ్చినది ఒక్క కాగితం లేక చేజారిపోతుందన్నమాట.

భాష విషయంలో ఒక హెచ్చరిక. లాటిన్ అమెరికా అంతా ఒకటేనని స్పానిష్‌లో చేరిపోకండి, బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీసు. జేఎన్‌యూ, గోవా విశ్వవిద్యాలయాల్లో దాన్ని బోధిస్తారు. నేర్చుకున్నాక బ్రెజిల్ ప్రభుత్వం గుర్తించే సెల్పె-బ్రాస్ పరీక్ష రాస్తే చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. మన సమయం అక్కడికన్నా ఎనిమిదిన్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు అక్కడ ఉదయం పది. సాయంత్రాలు ఆఫీసులో గడపడం ఇష్టం లేనివాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

సర్కారు కొలువే కావాలంటే ఐఎఫ్ఎస్‌తో పాటు అదే సివిల్స్ పరీక్షతో ఇండియన్ ట్రేడ్ సర్వీస్, కస్టమ్స్ ఉన్నాయి. ఎస్ఎస్‌సీ సీజీఎల్‌తో విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ కావొచ్చు. రాయబార కార్యాలయాల్లో పోస్టింగ్ వచ్చే ఉద్యోగమిది, మనవాళ్లు ఎందుకో పెద్దగా పట్టించుకోరు. ఇంటర్ తర్వాత మేనేజ్‌మెంట్ వైపు వెళ్లేవాళ్లకు ఐఐఎఫ్‌టీ కాకినాడ క్యాంపస్‌లో ఐదేళ్ల సమీకృత కోర్సు ఉంది.

‘నెలలో ఎక్స్‌పోర్టర్ అవ్వండి’ అనే ప్రకటనల జోలికి వెళ్లొద్దు. అక్కడ వేలకు వేలు పోసి ‘సాధించే’ ఐఈసీ (ఎగుమతి-దిగుమతుల కోడ్) నంబర్‌ను 500 రూపాయల రుసుముతో కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. అంతకన్నా మీ జిల్లాలో తయారయ్యే సరుకు ఒకటి ఎంచుకోండి. దాని హెచ్ఎస్ కోడ్ వెతకండి. మెర్కోసూర్ ఒప్పందం జాబితాలో అది ఉందో లేదో, ఉంటే సుంకం ఎంత తగ్గుతుందో, బ్రెజిల్‌లో ఏ అనుమతులు కావాలో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు రెజ్యూమెతో పాటు ఆ రెండు పేజీలూ తీసుకెళ్లండి.