రాత్రి భోజనపు పటములో పండ్రెండుమంది

పాఠ్యభాగములు: మత్తయి 26:20-25, లూకా 22:21-24, యోహాను 13:21-30

మన పల్లెలలోని క్రైస్తవ గృహములకు వెళ్లినయెడల, గోడమీద క్యాలెండరు ప్రక్కన ఒక పటము తరచుగా కనబడును. పొడవైన బల్ల, మధ్య ప్రభువు, ఇరుప్రక్కల ఆరుగురు చొప్పున శిష్యులు. ప్రభు రాత్రి భోజనపు పటమని దానికి పేరు. అయితే కొంచెముసేపు నిలిచి చూడుడి. భోజనముమీద ఎవరికిని ధ్యాసలేదు. తమలో ఒకడే తన్ను శత్రువులకు పట్టియియ్యబోవుచున్నాడని ప్రభువు అప్పుడే చెప్పెను. ఆ మాట చెవినిబడిన క్షణమున ఎవరెవరికి ఏమాయెనో, అదియే ఆ పటములోని సంగతి.

దీని మూలమును లియొనార్డో డావిన్చీ అను చిత్రకారుడు సుమారు 1495 మొదలు 1498 వరకు ఇటలీలోని మిలాను పట్టణమందు, ఒక మఠపు భోజనశాల గోడమీద చిత్రించెను. అది దాదాపు 29 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. తడి ఆరిన గోడపై వేసినందున, ఆయన బ్రదికియుండగానే రంగు చెడనారంభించెను.

మనుష్యుని లోపలి తలంపును చేతులు, మెడ, కనుబొమలు బయటపెట్టవలెనని ఆయన పట్టుదల. త్రాగుచు ఆగి మాటలాడువానివైపు తిరిగినవాడొకడు, ప్రక్కవాని చెవిలో గుసగుసలాడువాడొకడు, అరచేతులు చాపి భుజములెగరవేయువాడొకడు అని ముందుగా తన పుస్తకములో వ్రాసి ఉంచుకొనెను. ఆ కాలపు యూదులు విందులో ఆనుకొని పండుకొనెడివారు. అందరిని ఒకే ప్రక్కన కూర్చుండబెట్టుట చిత్రకారుల ఏర్పాటు. ముఖములు కనబడవలెను గదా!

అంద్రెయ రెండు అరచేతులు ఎత్తెను. ఫిలిప్పు చేతులు రొమ్మున చేర్చుకొని, తన హృదయము ప్రభువునకు తెలియునన్నట్లు నిలిచెను. తోమా వ్రేలెత్తెను. పేతురు చేతిలో అప్పుడే కత్తియున్నది. మల్కు చెవి సంగతి మీరెరుగుదురు. బల్ల చివర మత్తయి, తద్దయి, సీమోను తమలో తాము తర్కించుకొనుచున్నారు.

ఇక యూదా. 1447లో కస్తాన్యోయు, 1480లో గిర్లాందాయోయు ఫ్లోరెన్సు పట్టణములో ఈ విందునే చిత్రించి, యూదాను బల్లకు ఇవతల ఒంటరిగా కూర్చుండబెట్టిరి. ద్రోహి ఎవడో చిన్నబిడ్డయైనను చూపగలడు. లియొనార్డో అతనిని పేతురు యోహానుల సరసనే కూర్చుండబెట్టెను. ఇది సువార్తకు ఎంతో దగ్గరగా ఉన్నది. యూదా ఎవరో శిష్యులకు తెలిసియుండినయెడల వారు ఒకరినొకరు చూచుకొని సందేహపడనేల? మూడేండ్లు కలిసి తిరిగినవారికే అతడు వేరుగా కనబడలేదు.

మత్తయి ప్రకారము ప్రతివాడును అది తానేనా అని ప్రభువునడిగెను. లూకా ప్రకారము ఎవడు ఈ పని చేయునని తమలో తాము అడుగుకొనిరి. రెండును జరిగినవే, ఒకటి లోపలికి చూచును, రెండవది ప్రక్కకు చూచును. లూకాలో మరియొక వింత గమనించుడి: ఎవడు ద్రోహియని అడిగిన నోళ్లే వెంటనే ఎవడు గొప్పవాడని వాదించుకొన్నవి. యూదాయు మత్తయిలో ఆ మొదటి ప్రశ్ననే అడిగెను. కాని తక్కినవారు ప్రభువా అనగా అతడు బోధకుడా అనెను. పటములో మాట వినబడదు గనుక చిత్రకారుడు అతని ముఖమును నీడలో ఉంచి, చేతికి డబ్బు సంచి ఇచ్చెను.

కోత పండుగ కానుకల లెక్కలో కొంత తగ్గినదని సంఘములో చెప్పిరనుకొనుడి. మన కన్ను మొదట ఎటు పోవును? పెద్దవైపునకా, ఉపదేశివైపునకా, మనకు గిట్టని పొరుగువానివైపునకా? ఆ క్షణమున మన ముఖములను ఎవరైన చిత్రించినయెడల, ఆ బల్లయొద్ద మనము ఎవరి ప్రక్కన కూర్చుందుమో!

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ భాగములు చదివి, పటమును దించి దుమ్ము తుడిచి దీపముదగ్గర పెట్టుడి. యూదా ఎవరో చూపుడని పిల్లలనడుగుడి. సంచిని చూచి చెప్పుదురు. తరువాత ఆ సంచిని వ్రేలితో మూసి, మరల అడుగుడి.